ఒక స్పోర్ట్స్ షూ కథ: తైవాన్ నుంచి తడ దాకా

ముందు ఒక చిన్న పని చెప్తాను, వీడియో పాజ్ చేసి అయినా సరే చేయండి. గుమ్మం దగ్గర మీ స్పోర్ట్స్ షూ ఉంటుంది కదా, ఒకటి చేతిలోకి తీసుకోండి. లేసుల కింద నాలుకలా ఒక ముక్క ఉంటుంది. దాని లోపలివైపు చిన్న లేబుల్ మీద మేడిన్ వియత్నాం అనో, మేడిన్ ఇండోనేషియా అనో, మేడిన్ ఇండియా అనో కనిపిస్తుంది. బయట బ్రాండ్ పేరేమో అమెరికాదో జర్మనీదో. ఈ రెండు పేర్ల మధ్య ఇంకో పేరు ఉంది. అది షూ మీద ఎక్కడా కనబడదు. చాలాసార్లు అది తైవాన్ కంపెనీ పేరు.

చైనా, క్రీడలు అనగానే మనకు ఒలింపిక్ మెడల్స్ పట్టిక గుర్తొస్తుంది. ఈ ఎపిసోడ్‌లో దాని గురించి కాదు. చైనా మెయిన్‌ల్యాండ్, హాంకాంగ్, తైవాన్ అని చైనీస్ మాట్లాడే మూడు సమాజాలున్నాయి. రాజకీయంగా ఒకరికొకరు పడరు. తైవాన్, మెయిన్‌ల్యాండ్ మధ్య చాలా ఏళ్లు నేరుగా రోజువారీ విమానాలు నడవలేదు. కానీ ఆ మూడూ కలిసి ప్రపంచం కాళ్లకు బూట్లు తొడిగాయి. అదెలా జరిగిందో చూద్దాం.

1969తో మొదలుపెడదాం. తైవాన్‌లో తైచుంగ్ అనే ఊరి నుంచి గోల్డెన్ డ్రాగన్స్ అనే పిల్లల బేస్‌బాల్ జట్టు అమెరికా వెళ్లి లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ గెలిచింది. దేశం ఊగిపోయింది. అప్పటి నుంచి 1996 దాకా తైవాన్ పిల్లలు ఆ కప్పు 17 సార్లు కొట్టారు. అంతకు ముందు ఏడాది, 1968లో, హోంగ్యె అనే కొండ ఊరి ఆదివాసీ పిల్లల జట్టు జపాన్ నుంచి వచ్చిన జట్టును ఓడించింది. రాళ్లే బంతులుగా, కర్రలే బ్యాట్లుగా ప్రాక్టీస్ చేశారని ఆ పిల్లల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత తెలిసింది ఏంటంటే, జట్టులో కొందరు వేరే పిల్లల పేర్లతో ఆడారు. అయినా జనం మనసులోంచి ఆ కథ పోలేదు. 2000లో వచ్చిన తైవాన్ 500 డాలర్ల నోటు మీద కూడా బేస్‌బాల్ ఆడే బడి పిల్లల బొమ్మే ఉంది.

సరిగ్గా అదే 1969లో, తైచుంగ్ పక్కనే ఉన్న చాంగ్‌హ్వా జిల్లాలో త్సాయ్ కుటుంబం పౌ చెన్ అనే చిన్న చెప్పుల కంపెనీ పెట్టింది. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో తైవాన్ ప్రభుత్వం 'ఇంటి ముందు గదే ఫ్యాక్టరీ' అనే అర్థం వచ్చే నినాదం పెట్టి, ఆడవాళ్లను ఇంట్లో కూర్చునే ఎగుమతి సరుకు చేయమని ప్రోత్సహించింది. మన దగ్గర బీడీలు చుట్టినట్టు, అక్కడ ఇళ్లలో బొమ్మలు, గొడుగులు, చెప్పుల పట్టీలు తయారయ్యేవి. 1979కల్లా పౌ చెన్ అడిడాస్‌కి షూలు చేసి పెట్టడం మొదలెట్టింది. షూ డిజైన్ వాళ్లది, పేరూ వాళ్లదే. చేసి ఇవ్వడం మాత్రం వీళ్ల పని.

ఇప్పుడు సముద్రానికి అవతలి ఒడ్డుకి, అంటే మెయిన్‌ల్యాండ్ చైనాకి వెళ్దాం. అక్కడ మావో కాలంలో క్రీడ అంటే పూర్తిగా ప్రభుత్వ వ్యవహారం. ఆటగాడు ప్రభుత్వ ఉద్యోగి లాంటివాడు. తిండి, బస, కోచ్, అన్నీ ప్రభుత్వానివే. 1959లో జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో రోంగ్ గ్వోతువాన్ టేబుల్ టెన్నిస్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఏ ఆటలోనైనా కొత్త చైనాకి అదే మొదటి ప్రపంచ టైటిల్. ఆయన పుట్టింది హాంకాంగ్‌లో. 1957లో మెయిన్‌ల్యాండ్‌కి వెళ్లి స్థిరపడ్డాడు. ఆ గెలుపు, అదే ఏడాది వచ్చిన దేశం పదో వార్షికోత్సవం, ఈ రెండు సంతోషాలు కలిసొచ్చాయని ప్రధాని చౌ ఎన్‌లై కొత్త బంతుల బ్రాండ్‌కి 'డబుల్ హ్యాపీనెస్' అని పేరు పెట్టాడు. మన టీటీ ప్లేయర్లకు ఆ పేరు బాగా తెలుసు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో వేధింపులు తట్టుకోలేక రోంగ్ 1968లో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 30. బంతి మీద ఆ 'సంతోషం' పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక 1971 ఏప్రిల్. జపాన్‌లోని నగోయాలో ప్రపంచ టీటీ పోటీలు. అమెరికా ఆటగాడు గ్లెన్ కోవన్ చైనా జట్టు బస్సు ఎక్కడం, ఝువాంగ్ జెడాంగ్ అతనికి పట్టు వస్త్రం మీద నేసిన చిత్రాన్ని కానుకగా ఇవ్వడం, కొద్ది రోజులకే అమెరికా జట్టుకు చైనా నుంచి ఆహ్వానం రావడం, ఈ పింగ్‌పాంగ్ దౌత్యం కథ మీరు వినే ఉంటారు. ఎక్కువమంది చెప్పని ముక్క ఒకటుంది. అమెరికా ఆటగాళ్లు ఇంకా చైనాలోనే ఉన్నారు, ఏప్రిల్ 14న నిక్సన్ చైనాతో వ్యాపారం మీద 20 ఏళ్లుగా ఉన్న నిషేధాన్ని సడలిస్తున్నట్టు ప్రకటించాడు. బంతి వెనకే బేరం కూడా గీత దాటింది.

ఆ బేరాన్ని ముందు పట్టుకున్నవాళ్లలో నైకీ ఒకటి. 1980ల మొదట్లోనే చైనా ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో షూలు చేయించడం మొదలెట్టింది. పప్పులుడకలేదు. ప్రభుత్వ ఫ్యాక్టరీకి కావాల్సింది కోటా నిండటం. కుట్టు వంకర పోయిందా, జిగురు బయటికి కారిందా అన్నది వాళ్లకు పెద్ద విషయం కాదు. ముడిసరుకు కూడా టైముకి వచ్చేది కాదు. నైకీ అనుకున్న సంఖ్య ఎక్కడ, వచ్చిన జతలు ఎక్కడ!

ఆ సమస్య తీరింది తైవాన్ వల్ల. తైవాన్‌ని ఆ దారి పట్టించింది ఒక లెక్క. 1985లో ఒక అమెరికా డాలర్‌కి 40 తైవాన్ డాలర్లు. అమెరికా ఒత్తిడితో తైవాన్ కరెన్సీ విలువ పెరిగి, రెండు మూడేళ్లలో ఆ 40 కాస్తా 30 కంటే కిందికి వచ్చింది. షూ కుట్టేవాడి వైపు నుంచి చూడండి. ఒక జతకి తైవాన్‌లో 400 ఖర్చు అనుకుందాం. నిన్నటిదాకా అమెరికా వాడికి అది 10 డాలర్లు. ఇవాళ 14 డాలర్లు. ఇక్కడ ఖర్చు రూపాయి కూడా పెరగలేదు, అక్కడ ధర మాత్రం 40 శాతం పెరిగింది. బ్రాండ్ వాడు ఒప్పుకుంటాడా? చవగ్గా చేసే ఇంకో దేశం చూసుకుంటాడు. అందుకే వీళ్లు ఫ్యాక్టరీనే చవగ్గా పని జరిగే చోటికి తీసుకెళ్లారు.

టైమ్ కూడా కలిసొచ్చింది. 1987 జులైలో తైవాన్‌లో మార్షల్ లా పోయింది. నవంబర్ నుంచి మెయిన్‌ల్యాండ్‌లోని బంధువుల్ని చూసి రావడానికి జనానికి అనుమతి దొరికింది. చుట్టాల్ని చూడ్డానికని వెళ్లినవాళ్లలో కొందరు స్థలాలు కూడా చూసొచ్చారు! 1988లో పౌ చెన్ మెయిన్‌ల్యాండ్‌లో, జుహాయ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత డోంగ్‌గ్వాన్.

మరి రెండు ప్రభుత్వాలకూ మాటల్లేనప్పుడు డబ్బు, మెషీన్లు, సరుకు ఎలా వెళ్లాయి? హాంకాంగ్ మీదుగా. బ్యాంకు అక్కడ, రేవు అక్కడ, కాగితాల మీద కంపెనీ కూడా అక్కడే. 1992లో పౌ చెన్ తన షూ వ్యాపారాన్ని యూ యువెన్ అనే పేరుతో హాంకాంగ్ షేర్ మార్కెట్‌లో లిస్ట్ చేసింది. తైవాన్ మేనేజర్, హాంకాంగ్ ఖాతా, మెయిన్‌ల్యాండ్ కూలీ. మొత్తం షూ ఈ మూడింటి మీదే నిలబడింది. తైవాన్‌కి, చైనాకి మధ్య నేరుగా రోజువారీ విమానాలు, ఓడలు మొదలైంది 2008 చివర్లో. అంటే ఇరవై ఏళ్లు ఈ వ్యాపారమంతా చుట్టుదారిలోనే నడిచిందన్నమాట.

ఇక్కడ నాకు ఒక పోలిక తడుతుంది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో చైనా, తైవాన్ రెండూ ఆడాయి. తైవాన్ మాత్రం తన పేరుతో కాదు, 'చైనీస్ తైపీ' అని. ఇప్పటికీ అంతే. మైదానంలో సొంత పేరు లేదు, షూ మీదా సొంత పేరు లేదు. అయినా రెండు చోట్లా బానే ఆడుకొచ్చారు.

అదే లాస్ ఏంజెలిస్‌లో లి నింగ్ అనే మెయిన్‌ల్యాండ్ జిమ్నాస్ట్ మూడు బంగారాలతో కలిపి ఆరు మెడల్స్ గెలిచాడు. ఇంటికొస్తే దేవుడి లెక్క. నాలుగేళ్ల తర్వాత సియోల్‌లో రింగ్స్ మీద జారాడు, వాల్ట్‌లో పడ్డాడు. ఇంటికొస్తే తిట్లు. ఆట వదిలేసి గ్వాంగ్‌డాంగ్‌లోని జియాన్‌లిబావ్ అనే కూల్‌డ్రింక్ కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ అండతో 1990లో తన పేరుతోనే బట్టలు, షూల బ్రాండ్ పెట్టాడు. ఆ ఏడాది బీజింగ్ ఏషియన్ గేమ్స్ టార్చ్ రిలేలో పరుగెత్తినవాళ్లు వేసుకున్నది లి నింగ్ బట్టలే. ప్రభుత్వం తయారుచేసిన ఛాంపియన్ తన పేరును తానే అమ్ముకోవచ్చని అక్కడ జనం మొదటిసారి చూశారు. 2004లో ఆ కంపెనీ కూడా హాంకాంగ్ షేర్ మార్కెట్‌కే వెళ్లింది. ఇంకో నాలుగేళ్లకి, చౌ ఎన్‌లై పేరు పెట్టిన ఆ డబుల్ హ్యాపీనెస్ కంపెనీలో సగానికి పైగా వాటా కొనేసింది!

ఇదంతా ఒకెత్తు, జిన్‌జియాంగ్ ఒకెత్తు. ఫూజియన్ తీరంలో, తైవాన్‌కి ఎదురుగా ఉంటుంది ఈ ఊరు. మన గోదావరి జిల్లాల నుంచి బర్మా వెళ్లినట్టు, ఇక్కడి జనం ఫిలిప్పీన్స్‌కి, హాంకాంగ్‌కి వలస వెళ్లారు. 1980లలో ఆ చుట్టాల డబ్బు, తైవాన్ నుంచి వచ్చిన ఆర్డర్లు కలిసి ఇంటింటా షూ వర్క్‌షాప్ లేచింది. 1987లో డింగ్ షిజోంగ్ అనే 17 ఏళ్ల కుర్రాడు 600 జతలు మూటగట్టుకుని బీజింగ్ వెళ్లి అమ్మాడు. 1991లో ఆ కుటుంబం కంపెనీకి ఆంటా అని పేరు పెట్టింది.

1999లో డింగ్ ఒక పిచ్చి పని చేశాడు. టీటీ ఛాంపియన్ కాంగ్ లింగ్‌హుయికి 8 లక్షల యువాన్లిచ్చి యాడ్‌లో పెట్టాడు. దాన్ని ప్రభుత్వ స్పోర్ట్స్ ఛానల్ సీసీటీవీ-5లో వేయడానికి ఇంకో 30 లక్షలు పోశాడు. కంపెనీలో వాళ్లకే గుండె ఆగినంత పనైంది. మరుసటి ఏడాది సిడ్నీలో కాంగ్ బంగారం కొట్టాడు. ఆంటా అమ్మకాలు ఎగిరాయి. ఇక చూస్కోండి, జిన్‌జియాంగ్‌లో ప్రతి షూ కంపెనీ ఒక సెలబ్రిటీని పట్టుకుని అదే ఛానల్‌కి పరుగు. జనం ఆ ఛానల్‌ని 'జిన్‌జియాంగ్ ఛానల్' అని ఎగతాళి చేసేవాళ్లు.

అయితే ఇక్కడ ఒక తగాదా మొదలైంది. యాడ్ డబ్బు ఎవరిది? ఆటగాణ్ని చిన్నప్పటి నుంచి పెంచింది ప్రభుత్వం. కాబట్టి పేరులో, ముఖంలో కూడా వాటా తనదే అంటుంది ప్రభుత్వం. 2005లో డైవింగ్ ఒలింపిక్ ఛాంపియన్ తియాన్ లియాంగ్‌ని బయటి యాడ్లు, ప్రోగ్రాములు ఎక్కువయ్యాయని జాతీయ జట్టు నుంచి తీసేశారు. టెన్నిస్ ప్లేయర్ లీ నా ప్రైజ్ మనీలో 65 శాతం దాకా వ్యవస్థకే కట్టాల్సి వచ్చేది. 2008 చివర్లో ఆమెతో పాటు ఇంకొందరిని 'ఒంటరిగా ఎగరండి' అని వదిలారు. కోచ్ జీతం, ప్రయాణం ఖర్చులు వాళ్లవే. బదులుగా ప్రభుత్వానికి కట్టేది 8 నుంచి 12 శాతం. 2011లో ఆమె ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. నన్నడిగితే చైనా క్రీడా చరిత్రలో మెడల్స్ కన్నా ఈ శాతాల లెక్కే ఎక్కువ చెప్తుంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం గుర్తుందా? తాళ్లతో గాల్లోకి లేచి, స్టేడియం అంచు వెంట పరుగెడుతూ వెళ్లి జ్యోతి వెలిగించింది ఎవరు? లి నింగ్! ఆ ఒలింపిక్స్‌కి అధికారిక స్పాన్సర్ మాత్రం అడిడాస్. పైసా ఖర్చు లేకుండా వచ్చిన యాడ్ అది. ఆ ఊపులో చైనా కంపెనీలన్నీ ఊరూరా షాపులు తెరిచాయి. దేశమంతా ఇక పరుగులే పెడుతుందనుకున్నారు. సరుకు గోడౌన్లలో పేరుకుపోయింది. 2012 ఒక్క ఏడాదే లి నింగ్ కంపెనీకి దాదాపు 200 కోట్ల యువాన్ల నష్టం. ఆంటా మాత్రం 2009లోనే ఫిలా బ్రాండ్‌ని చైనా వరకు కొనుక్కుని తట్టుకుంది. 2019లో సాలమన్, విల్సన్ లాంటి బ్రాండ్లున్న ఫిన్లాండ్ కంపెనీ ఆమెర్‌ని ఒక బృందంతో కలిసి కొంది. ఇప్పుడు ఎన్‌బీఏలో ఆడేది విల్సన్ బంతితోనే.

ఇప్పటిదాకా ఓనర్ల కథ చెప్పాను. కుట్టినవాళ్ల దగ్గరికి వద్దాం.

డోంగ్‌గ్వాన్‌లో గావ్‌బు అనే చోట యూ యువెన్ ఫ్యాక్టరీలున్నాయి. 2013లో ఈ కంపెనీ అన్ని దేశాల ఫ్యాక్టరీలూ కలిపి 30 కోట్ల జతలకు పైగా చేసింది. గావ్‌బులో పనిచేసేవాళ్లలో చాలామంది హునాన్, సిచువాన్ లాంటి దూర ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. చైనాలో హుకౌ అని ఒకటుంటుంది, కుటుంబం ఏ ఊరికి చెందిందో చెప్పే రిజిస్ట్రేషన్. పని చేసే ఊళ్లో హుకౌ లేకపోతే పిల్లల్ని బడిలో వేయడం దగ్గర నుంచి అన్నీ కష్టమే. పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్లు సోషల్ ఇన్సూరెన్స్ కట్టి ఉండాలి. అందులో కంపెనీ వాటా ఒకటి, కార్మికుల వాటా ఒకటి. మన పీఎఫ్ లాంటిదే అనుకోండి.

2014 వసంతంలో, చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అవుతున్న ఒక మహిళ తన ఖాతా చూసుకుంది. కంపెనీ ఆమె నిజమైన జీతం మీద కాకుండా తక్కువ మొత్తం చూపించి కడుతూ వచ్చిందని తేలింది. ఆ మాట ఫోన్లలో పాకింది. ఎవరికి వాళ్లు తమ ఖాతాలు చూసుకోవడం మొదలెట్టారు. అందరిదీ అదే కథ. ఏప్రిల్ మధ్యకల్లా దాదాపు 40 వేల మంది పని ఆపేశారు. చైనాలో అన్నేళ్లలో ఒక కంపెనీలో జరిగిన అతి పెద్ద సమ్మెల్లో అది ఒకటి. నాకు ఇందులో ముఖ్యంగా అనిపించేది ఏంటంటే, వాళ్ల ప్రధాన డిమాండ్ ఈ నెల జీతం పెంచమని కాదు. నలభై దాటిన ఆడవాళ్లు, 'మా వయసంతా ఇక్కడే పోయింది, మా ముసలితనం డబ్బు ఏది?' అని అడిగారు.

సమ్మె రెండు వారాలు సాగింది. పోలీసులు దిగారు. కార్మికులకు సలహాలిచ్చిన కార్యకర్తల్ని అదుపులోకి తీసుకున్నారు. అడిడాస్ కొన్ని ఆర్డర్లను వేరే చోటికి మార్చింది. కంపెనీ తక్కువ కట్టిందని ప్రభుత్వమే ఒప్పుకుంది. కంపెనీ బకాయిలు కడతామంది, నెలకు 230 యువాన్ల అలవెన్స్ ఇచ్చింది. ఇందులో ఒక మెలిక ఉంది. పాత ఏళ్లకు కంపెనీ తన వాటా కట్టాలంటే, కార్మికులు కూడా తమ వాటా ఒకేసారి కట్టాలి. నెల జీతంతో బతికేవాళ్లు పదేళ్ల బాకీ ఎక్కడి నుంచి తెస్తారు? గెలిచారని చెప్పాలో, సగమే గెలిచారని చెప్పాలో తెలియని గెలుపు అది.

అప్పటికే షూ మళ్లీ ప్రయాణం కట్టింది. 2010కల్లా నైకీ షూలు ఎక్కువగా తయారయ్యే దేశం చైనా కాదు, వియత్నాం. అక్కడా చాలావరకు తైవాన్ ఓనర్లే. చైనాలోనేమో జనం షూ కుట్టడం నుంచి షూ కొనడం వైపు వచ్చారు. 2021లో షింజియాంగ్ పత్తి వివాదంలో అక్కడి యువత నైకీ, అడిడాస్‌ని బహిష్కరించమని పిలుపిచ్చారు. ఆంటా, లి నింగ్ షేర్లు పెరిగాయి. 2022లో చైనా మార్కెట్లో ఆంటా అమ్మకాలు నైకీని దాటాయి. 1987లో 600 జతల మూటతో వెళ్లిన కుర్రాడి కంపెనీ అది.

ఇక మన దగ్గరికి. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే హైవే మీద, తమిళనాడు సరిహద్దుకి ముందు తడ వస్తుంది. ఇప్పుడది తిరుపతి జిల్లాలో ఉంది. ఆ పక్కన మాంబట్టులో అపాచీ అనే ఫ్యాక్టరీ ఉంది. తైవాన్ వాళ్లది, అడిడాస్‌కి షూలు చేస్తుంది. 2000ల మధ్యలో వచ్చింది. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే. ఇదే గ్రూప్‌కి గ్వాంగ్‌డాంగ్‌లోనూ ఫ్యాక్టరీ ఉంది. తమిళనాడులోని చెయ్యార్‌లో ఫెంగ్ తాయ్ అనే ఇంకో తైవాన్ కంపెనీ నైకీకి చేస్తుంది. 2023 ఏప్రిల్‌లో పౌ చెన్ కూడా వచ్చింది. కళ్లకురిచ్చిలో 2,302 కోట్ల పెట్టుబడి, 20 వేల ఉద్యోగాలు అని తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం. 1969లో చాంగ్‌హ్వాలో చెప్పులు చేసిన అదే పౌ చెన్.

గావ్‌బులో ఆ మహిళకి తన ఖాతా సంగతి ఉద్యోగం వదిలే రోజుల్లో గానీ తెలియలేదు. మన దగ్గర యూఏఎన్ నంబర్ ఉంటే పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్‌లోనే కనిపిస్తుంది, ఉమంగ్ యాప్‌లో కూడా. కంపెనీ ఏ జీతం చూపించి ఎంత కట్టిందో నెల నెలా అందులో ఉంటుంది. మీ ఇంట్లో అక్కో, వదినో ఫ్యాక్టరీకి వెళ్తుంటే ఈ ఆదివారం ఆమె ఫోన్‌లో ఒకసారి తెరిచి చూపించండి. పే స్లిప్ పక్కన పెట్టుకుని చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.